విద్యాపరిశోధనలో సగటుల పోలిక: తగిన పరీక్షను నిర్ణయించు విధము

తెలుగు బోధనను గూర్చిన సిద్ధాంతవ్యాసములలో అంకెల పట్టికలు నేడు సర్వసాధారణములైనవి. అక్షరములతో ఆరంభించుట మేలా, పదములతో ఆరంభించుట మేలా. బిగ్గరగా చదివించుట వలన గ్రహణశక్తి పెరుగునా. ఉక్తలేఖనమును ప్రతిదినము వ్రాయించినచో గుణింతపు తప్పులు తగ్గునా - ఇట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పబూనిన విద్యార్థి రెండు మూడు సమూహముల బాలబాలికలకు పరీక్ష పెట్టి, మార్కుల సగటులు కట్టి, వాని నడిమి భేదమును చూపుచున్నాడు. ఇంతవరకు బాగుగనే యున్నది. తరువాత "టీ-పరీక్ష జరుపబడినది, భేదము సార్థకమని తేలినది" అను ఒక్క వాక్యముతో అధ్యాయము ముగియుచున్నది. ఏ టీ-పరీక్ష? దానినే ఏల యెన్నుకొనవలసి వచ్చెను? ఆ సామగ్రికి అది తగునా? ఈ ప్రశ్నలకు పెక్కు వ్యాసములలో జవాబు దొరకదు.

మేము గణితశాస్త్రజ్ఞులము కాము. భాషాబోధనమును పరిశోధించుచు, అవసరము కొలది సంఖ్యాశాస్త్రమును ఆశ్రయించిన వారము. కావున సూత్రముల ఉపపత్తులను ఇచట విస్తరింపము. గణన నంతయు యంత్రమే క్షణములో చేసిపెట్టు ఈ కాలమున పరిశోధకునికి మిగిలిన పని ఒక్కటే: ఏ గణన చేయుమని యంత్రమును అడుగవలెనో నిర్ణయించుట. ఆ నిర్ణయమునకు తోడ్పడు విచారణలను మాత్రమే వరుసగా వివరింతుము. ఉదాహరణములలోని మార్కులు, తప్పుల లెక్కలు విషయము తేటపడుటకై మేము కల్పించుకొనినవని పాఠకులు గమనింతురు గాక.

1. పరీక్ష అడుగు ప్రశ్న

ఒక సమూహపు సగటు 52, మరియొక దాని సగటు 56 అయినచో నాలుగు మార్కుల భేదమున్నది. దానిని ఎవరును కాదనరు. కాని అదే పాఠశాలనుండి అదే విధముగా మరి కొందరిని ఎన్నుకొనినచో భేదము రెండే కావచ్చును, అసలు లేకపోవను వచ్చును. పిల్లలు ఒకరివలె నొకరు ఉండరు గదా! పద్ధతులలో నిజముగా తేడా లేకున్నను, కేవలము ఎన్నికలోని యాదృచ్ఛికత చేతనే ఇంత భేదము కలుగుట ఎంత అరుదు? పరీక్ష అడుగునది ఈ ప్రశ్నను మాత్రమే. తేడా లేదను ఊహకు శూన్యపరికల్పన యని పేరు.

టీ-పరీక్షకు పునాది వేసినవాడు విలియం సీలీ గాసెట్. డబ్లిన్ నగరమున గిన్నెస్ వారి సారాయి కర్మాగారములో ఉద్యోగి. ఆయన 1908లో బయోమెట్రికా పత్రికయందు 'స్టూడెంట్' అను మారుపేరుతో ప్రకటించిన వ్యాసమే ఇందుకు మూలము. కొద్దిపాటి నమూనాలనుండి సగటును ఎంతవరకు నమ్మవచ్చునను ప్రశ్న ఆయనకు వృత్తిలో ఎదురైనది. ఆయన చూపిన మార్గపు సారము సులభము: కనబడిన భేదమును, అట్టి భేదమునందు సహజముగా ఉండదగిన దోషపు కొలతచే భాగింపవలెను. ఆ కొలతకు ప్రామాణిక దోషమని పేరు. భాగఫలము పెద్దదైనకొలది యాదృచ్ఛికత అను సమాధానము బలహీనమగును.

అన్ని పరీక్షలలోను పై అంకె ఇంచుమించు ఒక్కటే: సగటుల భేదము. పరీక్షలు వేరగుట క్రింది అంకె, అనగా ప్రామాణిక దోషము, వలననే. దానిని సరిగా కట్టుట ఎట్లను ప్రశ్నయే పరీక్షా నిర్ణయము. ఈ మాటను పాఠకులు మనసున నుంచుకొనినచో తక్కినదంతయు దీనినుండియే వచ్చును.

2. సమూహములు వేరా, జంటలా?

మొదట విచారింపదగినది ఇది. పోల్చబడు రెండు మార్కుల వరుసలు వేర్వేరు పిల్లలవా, లేక ఒకే పిల్లలవా? ఎనిమిదిమంది బాలురకు ఒక మాసము ఉక్తలేఖనము అభ్యాసము చేయించితి మనుకొందము. అభ్యాసమునకు ముందు వారి తప్పులు వరుసగా 24, 18, 30, 12, 21, 27, 15, 21. తరువాత 21, 16, 26, 11, 18, 23, 14, 19. మొదటి సగటు 21, రెండవది 18.5. భేదము 2.5 తప్పులు.

ఈ రెండు వరుసలను వేర్వేరు సమూహములుగా భావించి టీ కట్టినచో ప్రామాణిక దోషము 2.73, టీ విలువ 0.92 వచ్చును. 14 స్వాతంత్ర్య పరిమాణములకు నూటికి అయిదు స్థాయిలో కావలసినది 2.145. కనుక అభ్యాసము వలన ఫలము కనబడలేదని వ్రాయవలసి వచ్చును. కాని పట్టికను కంటితో చూచినను ప్రతి బాలునికిని తప్పులు తగ్గినవి! ఒక్కొక్కని తగ్గుదల 3, 2, 4, 1, 3, 4, 1, 2. ఈ తగ్గుదలలనే సామగ్రిగా తీసికొనినచో వాని సగటు 2.5, ప్రామాణిక దోషము 0.42, టీ విలువ 5.92. ఇచట 7 స్వాతంత్ర్య పరిమాణములకు కావలసినది 2.365 మాత్రమే. భేదము నిస్సందేహముగా సార్థకము.

భేదము అదే, పిల్లలు వారే, నిర్ణయము తలక్రిందులైనది. కారణము స్పష్టము. మొదటి గణనలో బాలునికిని బాలునికిని గల తేడా - ఒకడు 12 తప్పులవాడు, ఒకడు 30 తప్పులవాడు - అంతయు దోషములో చేరినది. రెండవ గణనలో ప్రతివాడు తనతో తానే పోల్చబడుటచే ఆ తేడా తొలగినది. కావున ఒకే పిల్లలకు ముందును వెనుకను పెట్టిన పరీక్షలకు, వయస్సు సామర్థ్యము చూచి జతపరచిన పిల్లలకు జంటల టీ-పరీక్షయే తగినది. జత లేనిచోట జతను కల్పించుటయు అంతే తప్పు. రెండు వేర్వేరు తరగతుల హాజరుపట్టీలలో మొదటివానికి మొదటివానిని జతచేసినంత మాత్రమున వారు జంటలు కారు.

ఒక హెచ్చరిక. జంటల పరీక్ష సార్థకమైనంతమాత్రమున అభ్యాసమే కారణమని తేలదు. ఆ మాసములో పిల్లలు పెరిగినారు. అదే పరీక్షకు అలవాటుపడినారు. అభ్యాసము లేని సమూహము ప్రక్కన లేనిదే ఈ సందేహము తీరదు.

3. సమూహములు ఎన్ని?

సమూహములు మూడు, అంతకు మించి యున్నచో, రెండేసి చొప్పున టీ-పరీక్షలు జరుపుట మన వ్యాసములలో తరచుగా కనబడు దోషము. అయిదు సమూహములకు పది జతలు ఏర్పడును. ఒక్కొక్క పరీక్షలో పొరపడుటకు నూటికి అయిదు అవకాశమును ఒప్పుకొంటిమి గదా. పది పరీక్షలు పరస్పర స్వతంత్రములే యైనచో, ఎక్కడను నిజమైన తేడా లేకున్నను, ఏదో యొక జతలో సార్థకత కనబడు అవకాశము నూటికి నలుబది. ఒకే సగటు పలు జతలలో పాల్గొనును గనుక ఈ లెక్క ఇచట యథాతథముగా చెల్లదు. కాని అపాయమున్న దనుటకు ఇది చాలును.

ఇట్టిచోట విస్తృతి విశ్లేషణము తగినది. సగటునుండి విచలనములను వర్గించి తీసికొను కొలతకు విస్తృతి యని పేరు. సమూహముల సగటుల నడిమి విస్తృతిని సమూహముల లోపలి విస్తృతితో పోల్చి, ఆ నిష్పత్తిని పరీక్షించు ఈ మార్గమును ఏర్పరచినవాడు రోనాల్డ్ ఫిషర్. 1925లో వెలువడిన ఆయన గ్రంథము ద్వారా ఇది పరిశోధకులందరికి చేరినది. ఆయన గౌరవార్థమే స్నెడకార్ ఈ నిష్పత్తికి ఎఫ్ అను అక్షరమును వాడెను. సమూహములు రెండే యైనచో ఎఫ్ విలువ, సమవిస్తృతి నొప్పుకొను టీ విలువకు వర్గమే యగును. కనుక ఇవి రెండు విభిన్న శాస్త్రములు కావు.

ఎఫ్-పరీక్ష "సగటులన్నియు సమానములు కావు" అని చెప్పును గాని, ఏది దేనికంటె మిన్నయో చెప్పదు. ప్రతి జతను పోల్చవలసిన చోట టూకీ పద్ధతి; ఒక ప్రమాణ సమూహముతో మాత్రమే తక్కినవానిని పోల్చవలసిన చోట 1955లో డన్నెట్ ప్రకటించిన పద్ధతి; ముందుగా అనుకొనని పోలికలను సైతము చేయదలచినచో 1953 నాటి షెఫే పద్ధతి ఉపయోగపడును. ముందుగా నిర్ణయించిన పోలికలు రెండు మూడే యైనచో అయిదు శాతమును పోలికల సంఖ్యచే భాగించుట, అనగా బాన్‌ఫెరోనీ సవరణ, చాలును. ఒకే పిల్లలను మూడు నాలుగు మారులు పరీక్షించినచో దానికి పునఃకొలతల విస్తృతి విశ్లేషణము వేరుగ నున్నది.

4. చెదరుట సమానమా?

సామాన్యమైన టీ-పరీక్ష రెండు సమూహములలోను మార్కుల చెదరుట ఒకే మేరకు ఉన్నదని ఒప్పుకొని, రెంటిని కలిపి దోషమును కట్టును. ఆ ఒప్పుకోలు నిలువనిచోట ఏమగునో చూతము. ఒక సమూహమున పదిమంది, ప్రామాణిక విచలనము 15. మరియొక సమూహమున నలుబదిమంది, విచలనము 5. సగటుల భేదము 6 మార్కులు. విస్తృతులను కలిపి కట్టినచో ప్రామాణిక దోషము 2.80, టీ విలువ 2.15, కావలసినది 2.01, భేదము సార్థకము. విస్తృతులను కలుపక వేర్వేరుగ నుంచి కట్టినచో ప్రామాణిక దోషము 4.81, టీ విలువ 1.25, సార్థకము కాదు.

రెండవ గణనయే న్యాయమైనది. చెదరిన సమూహము చిన్నది. దాని సగటు నమ్మదగనిది. మొదటి గణన పెద్ద సమూహపు స్థిరత్వమును చిన్న సమూహమునకు అరువిచ్చినది. వేర్వేరు విస్తృతులతో పరీక్షించు మార్గమును వెల్చ్ 1947లో సమగ్రముగా చూపెను. ముందు విస్తృతుల సమానతను పరీక్షించి, ఆ ఫలితమును బట్టి టీ-పరీక్షను ఎన్నుకొనుట పూర్వపు అలవాటు. చిన్న నమూనాలలో ఆ ముందు పరీక్షయే అసమానతను పట్టలేదు గనుక, వేర్వేరు సమూహములను పోల్చునపుడు మొదటినుండియు వెల్చ్ పరీక్షనే వాడుట మేలని నేడు పలువురు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. విస్తృతులు సమానములైనను దానివలన కలుగు నష్టము స్వల్పము. మేమును మా విద్యార్థులకు దీనినే చెప్పుచున్నాము.

5. మార్కుల స్వభావము

సగటు కట్టదగిన సామగ్రియేనా యను ప్రశ్నను మరువరాదు. ప్రశ్నపత్రము మిక్కిలి సులభమైనచో సగముమంది పూర్ణాంకములు తెచ్చుకొందురు. అపుడు పై అంచున మార్కులు గుమిగూడి, నేర్పరికిని సామాన్యునికిని తేడా మాసిపోవును. దీనికి ఏ పరీక్షయు మందు కాదు, ప్రశ్నపత్రమునే దిద్దవలెను.

మార్కుల పంపిణీ గంటాకృతిలో లేదని పరిశోధకులు తరచు భయపడుదురు. సమూహములు పెద్దవై, మార్కులు విపరీతముగా ఒక ప్రక్కకు ఒరగనిచో ఆ భయము అక్కరలేదు. సగటుల ప్రవర్తన అప్పటికి క్రమబద్ధమగును. సమూహములు చిన్నవై, ఒకటి రెండు విపరీతాంకములున్నచో స్థానక్రమములపై ఆధారపడు పరీక్షలు మేలు. వేర్వేరు సమూహములు రెంటికి 1945లో విల్కాక్సన్ ఆరంభించి 1947లో మాన్, విట్నీ విస్తరించిన పరీక్ష. జంటలకు విల్కాక్సన్ వారిదే మరియొకటి. మూడు, అంతకు మించిన సమూహములకు 1952 నాటి క్రుస్కల్, వాలిస్ పరీక్ష. ఒకే పిల్లల పునఃకొలతలకు 1937 నాటి ఫ్రీడ్‌మన్ పరీక్ష. అయితే ఇవి సగటులను పోల్చవు. ఒక సమూహమువారు రెండవ సమూహమువారికంటె పైస్థానములలో ఉండు ధోరణి యున్నదా యని మాత్రమే చెప్పును. వీనిని వాడి "సగటులు భిన్నములు" అని వ్రాయుట పొరపాటు.

6. లెక్కింపదగినది పిల్లవాడా, తరగతియా?

ఇది అన్నిటిలో ముఖ్యమైనదియు, మనము అందరికంటె సులభముగా గ్రహింపదగినదియు అయిన విషయము. ఒక కావ్యమును పరిష్కరించు పండితునికి పది తాళపత్రప్రతులు దొరకినవనుకొందము. అందు తొమ్మిది ఒకే మాతృకనుండి వ్రాసికొనినవి. ఒక పాఠము ఆ తొమ్మిదింటను ఉన్నదని, పదవదానిలోని పాఠమును త్రోసివేయు పరిష్కర్తను మనము ఒప్పుకొందుమా? తొమ్మిది ప్రతులు తొమ్మిది సాక్ష్యములు కావు. ఇంచుమించు ఒక్కటే సాక్ష్యము.

తరగతిలోని పిల్లలును అట్టివారే. ఒకే ఉపాధ్యాయుని మాట విన్నవారు, ఒకే గదిలో, తరచు ఒకే వీథినుండి వచ్చి కూర్చుండినవారు. వారి మార్కులు పరస్పరము స్వతంత్రములు కావు. తరగతిలోపలి పోలికను కొలుచు సహసంబంధము 0.2 అయి, తరగతికి నలుబదిమంది యున్నచో, విస్తృతి 8.8 రెట్లు పెరుగును. నాలుగువందల పిల్లల సాక్ష్యము స్వతంత్రులైన నలుబదియైదుగురి సాక్ష్యముతో సమానమగును.

ఇంగ్లండులో నెవిల్ బెన్నెట్ 1976లో ప్రకటించిన పరిశోధన ఇందుకు ప్రసిద్ధోదాహరణము. సంప్రదాయ పద్ధతిలో బోధింపబడిన ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఎక్కువ ప్రగతి సాధించిరని అందు తేలగా, అది ఆ దేశమున గొప్ప వివాదమునకు కారణమైనది. పిల్లలు తరగతులుగా కూడియున్నారను సంగతిని లెక్కలోనికి తీసికొని 1981లో ఆ సామగ్రినే మరల విశ్లేషింపగా, ఆ సార్థక భేదములు నిలువలేదు. అంకెలు మారలేదు, సాక్షుల లెక్క మారినది.

పరుల దోషము చెప్పుటకు ముందు మా దోషమును చెప్పుట న్యాయము. డాక్టరేటు పట్టమునకై మేము వ్రాసిన సిద్ధాంతవ్యాసములో ఒక పాఠశాలయందలి రెండు తరగతులను పోల్చితిమి. ఒకదానికి కొత్త పద్ధతిలో మేమే పాఠము చెప్పితిమి. రెండవదానికి అచటి ఉపాధ్యాయుడు తన పద్ధతిలో చెప్పెను. టీ విలువ ఘనముగ వచ్చినది, పరీక్షకులు మెచ్చుకొనిరి. కొన్నియేండ్లకు సంఖ్యాశాస్త్రము బోధించు మిత్రుడొకడు ఆ పట్టికను చూచి, "మీ పరిశీలనలు ఎన్ని?" అని అడిగెను. ఎనుబది యంటిమి. "కాదు, రెండు" అనెను. మాకు మొదట కోపము వచ్చినది. ఆ రాత్రి మరల చదివికొనగా ఆయన చెప్పినది నిజమేయని తోచినది. పద్ధతి గెలిచినదో, ఉత్సాహవంతుడైన యువ పరిశోధకుడు గెలిచినాడో, ఆ తరగతియే మొదటినుండి మిన్నయో చెప్పుటకు మా సామగ్రిలో ఆధారము లేదు. అప్పటికే మా మాట నమ్మి ఆ పద్ధతికి మారిన ఉపాధ్యాయులను మేమెరుగుదుము. వారి తరగతులలోని పిల్లలకు మేలు జరిగినదో కీడు జరిగినదో మేమెరుగము. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ యెరుగకపోవుటయే ముఖ్య కారణము.

తరగతులనే ప్రయోగమునకు గురిచేసినచో, ప్రతి పద్ధతికి పలు తరగతులుండవలెను. అపుడు ఒక్కొక్క తరగతి సగటును ఒక్కొక్క పరిశీలనగా తీసికొని టీ-పరీక్ష జరుపుట సరళమైన మార్గము. పిల్లవానిని, తరగతిని, పాఠశాలను వేర్వేరు అంతస్తులుగా గ్రహించు బహుస్థాయి విశ్లేషణము సమగ్రమైనది. రెండే తరగతులున్నచో దానిని ప్రయోగమని పిలువక, వివరముగల పరిశీలనగా వ్రాయుటయే నిజాయితీ.

7. పరీక్ష దిద్దలేని దోషము

సమూహములను విభజించుటలోని దోషమును ఏ పరీక్షయు దిద్దలేదు. 1930లో స్కాట్లండునందలి లానార్క్‌షైరులో ఇరువదివేలమంది పాఠశాల పిల్లలతో నాలుగు మాసముల ప్రయోగము జరిగినది. పదివేలమందికి ప్రతిదినము పాలు పోసిరి, పదివేలమందికి పోయలేదు. ఎత్తు, బరువు ముందును వెనుకను కొలిచిరి. మొదట చీట్లు తీసియో, అక్షరక్రమమునో విభజించినను, ఒక ప్రక్కకు పుష్టిగలవారో బక్కవారో ఎక్కువగా వచ్చిరని తోచినచో కొందరిని మార్చుటకు ఉపాధ్యాయులకు అనుమతి నిచ్చిరి. ఫలితముగా పాలు లేని సమూహమువారు మొదటినుండియే ఎక్కువ ఎత్తు, ఎక్కువ బరువు గలవారైరి. ఆకలితో నున్న బిడ్డకు పాలు పోయింపవలెనని ఉపాధ్యాయులకు మనసున దోచి యుండునని, 1931లో దీనిని విమర్శించిన గాసెట్ ఊహించెను. పిల్లలను బట్టలతోనే తూచిరి. శీతకాలమున దట్టమైన దుస్తులు గలవారు వేసవికి వానిని విడిచి బరువు తగ్గినట్లు కనబడిరి. బీదవారికి విడుచుటకు అంతగా లేదు. ఇరువదివేలమంది కంటె ఏబది జతల ఏకరూప కవలలతో ఎక్కువ నమ్మదగిన సమాధానము దొరకియుండునని ఆయన యభిప్రాయము.

ఉపాధ్యాయుని దయ మెచ్చదగినదే. కాని విభజన దయకు గాని ఇష్టమునకు గాని వదలరాదు. చీట్లు తీయవలెను, తీసిన పిదప మార్చరాదు. చీట్లు తీసిన సమూహములకు పూర్వపరీక్ష మార్కులున్నచో సహవిస్తృతి విశ్లేషణము వానిని లెక్కలోనికి తీసికొని దోషమును తగ్గించును. ముందే ఏర్పడియున్న సమూహములకు - బాలురు బాలికలు, పట్టణము పల్లె - దానిని వాడునపుడు జాగ్రత్త వహింపవలెను. అట్టిచోట ఇద్దరు విశ్లేషకులు రెండు న్యాయమైన గణనలతో రెండు విరుద్ధ నిర్ణయములకు రావచ్చునని ఫ్రెడరిక్ లార్డ్ 1967లో చూపెను.

8. ఫలితమును వ్రాయు విధము

సార్థకత అనగా ప్రాముఖ్యము కాదు. విచలనము 10 అయినపుడు నాలుగు మార్కుల భేదమును సమూహమునకు ఇరువదిమందితో చూచినచో టీ విలువ 1.26, రెండువందలమందితో చూచినచో 4. భేదము పెరుగలేదు, దానిని గూర్చిన మన నమ్మకము పెరిగినది. మొదటి సందర్భమున నిజమైన భేదము రమారమి -2.4 నుండి 10.4 వరకు ఎక్కడనైనను ఉండవచ్చును. రెండవ సందర్భమున 2 నుండి 6 లోపల. కావున "సార్థకము", "అసార్థకము" అను ముద్రలతో తృప్తిపడక, సగటులను, విచలనములను, సంఖ్యలను, భేదపు అవధులను వ్రాయవలెను. భేదము విచలనమున ఎన్నవ వంతో - ఇచట 0.4 - చెప్పుటయు మంచిది. అసార్థకమను ఫలితమునకు "తేడా లేదు" అని అర్థము చెప్పరాదు. "తేడా చూపుటకు ఈ సాక్ష్యము చాలదు" అనియే అర్థము. పి-విలువ పరికల్పన నిజమగుటకు గల అవకాశమును గాని, ఫలముయొక్క పరిమాణమును గాని చెప్పదని అమెరికా సంఖ్యాశాస్త్ర సంఘము 2016లో ప్రత్యేకముగా ప్రకటింపవలసి వచ్చెననగా, ఈ పొరపాటు మన యొక్కరిదే కాదని తెలియుచున్నది.

చెప్పినదానిని సంగ్రహింతుము. పరిశోధకుడు సామగ్రిని సేకరించుటకు ముందే కాగితముపై ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను. నేను చీట్లచే విభజించినది పిల్లలనా, తరగతులనా? పోల్చునది వేర్వేరు సమూహములనా, జంటలనా? సమూహములు ఎన్ని, ముందుగా తలపెట్టిన పోలికలు ఏవి? చెదరుట సమానమని ఒప్పుకొనుటకు ఆధారమున్నదా? నా మార్కులకు సగటు తగినదా? ఈ జవాబులు ఉన్నచో పరీక్ష తనంతట తానే నిర్ణయమగును. మార్కులు చేతికి వచ్చిన పిదప పరీక్షలను ఒకదాని వెంట నొకటి ప్రయత్నించి అనుకూలమైనదానిని ఎన్నుకొనుట, గణములు కుదురలేదని పద్యమునకు తోచిన ఛందస్సు పేరు పెట్టుట వంటిది.

మన వ్యాసములను చదువువారు పరీక్షకులు మాత్రమే కారు. మారుమూల పాఠశాలలో అరువదిమంది పిల్లల నెదుట నిలిచి, రేపు పాఠమును ఏ విధముగ చెప్పవలెనా యని ఆలోచించు ఉపాధ్యాయుడు కూడ మన పట్టికను నమ్మును. ఆయనకు సరిచూచుకొను తీరిక ఉండదు. ఆ సరిచూచుట మన పని.